మరపును చదివిన వైద్యుడు

సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలంలో సుల్తాన్‌పూర్ అనే గ్రామం ఉంది. పటాన్‌చెరు పరిసరాలలో పరిశ్రమలు ఒకదాని వెంట ఒకటి వెలసిన కొద్దీ ఆ ప్రాంతపు రూపురేఖలే మారిపోయాయి. 2017లో ఈ గ్రామంలో వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగింది. గుండె రక్తనాళాలలో అమర్చే స్టెంట్లు మొదలైన సున్నితమైన పరికరాల తయారీకి ఆ గ్రామం నేడు పేరు పొందింది. దేహంలో కంటికి కనిపించని చోట్లకు సైతం వైద్యుని చూపును, చేతిని చేరవేయగల సాధనాలు ఇవి. అయితే ఇటువంటి సాధనాలు లేని రోజులలో, ఒక కలం, కొన్ని కాగితాలు, ఒక సూక్ష్మదర్శిని ఆధారంగా మనిషి జ్ఞాపకం నశించడం వెనుక మెదడులో ఏమి జరుగుతున్నదో పరిశీలించిన వైద్యుడు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు అలోయిస్ అల్జీమర్.

ఆ పేరు విననివారు ఈనాడు అరుదు. కాని అది వ్యాధి పేరుగా తెలిసినంతగా మనిషి పేరుగా తెలియదు. వయసు మీరిన తాతయ్యో నాయనమ్మో అడిగిన మాటనే పదే పదే అడిగితే చాదస్తమని నవ్వి ఊరుకోవడం మన ఇళ్ళలో పరిపాటి. ముసలితనంలో మతి తప్పడం సహజమేనని సరిపెట్టుకోవడమూ ఉంది. రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. వంటి కర్మాగారాలలో తొలినాళ్ళలో చేరిన యువకులు నేడు వృద్ధులయ్యారు. వారిలో ఒకరు ముప్పై ఏళ్ళు నడిచిన దారినే మరచి కూడలిలో నిలబడిపోతే, అది వయసు చేసిన పనియా, వ్యాధి చేసిన పనియా? ఈ ప్రశ్నకు జవాబు మెదడు కణాలలో వెదకవచ్చునని చూపిన వారిలో అల్జీమర్ అగ్రగణ్యుడు.

అలోయిస్ అల్జీమర్ 1864వ సంవత్సరం జూన్ 14వ తేదీన జర్మనీ దేశంలోని బవేరియా ప్రాంతంలో, మైన్ నది ఒడ్డున గల మార్క్‌ట్‌బ్రైట్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి ఎడువర్డ్ దస్తావేజులను ధ్రువీకరించే న్యాయవృత్తిలో ఉండేవాడు. తల్లి పేరు థెరీసియా. పిల్లల చదువుసంధ్యల కోసం ఆ కుటుంబం అషాఫెన్‌బర్గ్ పట్టణానికి తరలివెళ్ళింది. పాఠశాలలో ఉన్నప్పుడే అలోయిస్‌కు ప్రకృతి శాస్త్రాలపై మక్కువ ఏర్పడింది. ఆ మక్కువే ఆయనను వైద్యవిద్య వైపు నడిపించింది.

బెర్లిన్, ట్యూబింగెన్, వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయాలలో ఆయన వైద్యశాస్త్రం అభ్యసించాడు. ఆజానుబాహువు, ఉల్లాసవంతుడు. నాటి జర్మన్ విద్యార్థుల ఆచారం ప్రకారం కత్తిసాములో పాల్గొని ముఖం మీద గాటు కూడా తెచ్చుకొన్నాడు. ఆ గాటు ఎడమ చెంపపై ఉండటం వల్ల తరువాతి కాలంలో ఛాయాచిత్రాలకు కుడివైపు ముఖం చూపేవాడంటారు. 1887లో వైద్య పట్టా పొందాడు. పట్టా కోసం ఆయన సమర్పించిన పరిశోధన చెవిలో గులిమిని స్రవించే గ్రంథులకు సంబంధించినది. విషయం చిన్నదే. కాని ఆ పని ఆయనకు సూక్ష్మదర్శిని వాడకంలో నేర్పును ఇచ్చింది. కణజాలాన్ని పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి, ఓపికగా పరిశీలించే ఆ నేర్పే ముందు ముందు ఆయన జీవితానికి ఆధారమైంది.

1888లో ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక రోగుల, మూర్ఛరోగుల ఆస్పత్రిలో సహాయ వైద్యునిగా చేరాడు. కోటను తలపించే ఆ భవనాన్ని పట్టణ ప్రజలు పిచ్చివాళ్ళ కోట అని పిలిచేవారు. ఆనాడు మానసిక రోగుల పరిస్థితి మిక్కిలి దయనీయంగా ఉండేది. అనేక ఆస్పత్రులలో రోగులను కట్టివేయడం, ఒంటరి గదులలో బంధించడం సర్వసాధారణం. రోగి చెప్పే మాటలకు అర్థం ఉండవచ్చునని, వాటిని వ్రాసిపెట్టవలెనని తలచిన వైద్యులు కొద్దిమంది మాత్రమే. ఆస్పత్రి అధిపతి ఎమిల్ సియోలీ అటువంటి కొద్దిమందిలో ఒకడు. రోగులను బంధించరాదని, వీలైనంత స్వేచ్ఛనివ్వాలని ఆయన అభిప్రాయం. ఆందోళన చెందే రోగులకు గోరువెచ్చని నీటి తొట్టెలలో స్నానం చేయించి శాంతపరచే పద్ధతిని అక్కడ అనుసరించారు. యువ అల్జీమర్ ఈ మార్పులలో సియోలీకి కుడిభుజంగా నిలిచాడు.

మరుసటి ఏడు ఫ్రాంజ్ నిస్సల్ అనే మరొక యువ వైద్యుడు ఆ ఆస్పత్రిలో చేరాడు. నాడీకణాలకు రంగు పట్టించి వాటి నిర్మాణాన్ని స్పష్టంగా చూపగల పద్ధతిని నిస్సల్ రూపొందించాడు. ఆ పద్ధతి నేటికీ ఆయన పేరుతోనే వ్యవహారంలో ఉంది. ఇద్దరూ ప్రాణమిత్రులయ్యారు. పగలంతా రోగుల మధ్య, రాత్రివేళ సూక్ష్మదర్శిని ముందు వారి కాలం గడిచేది. ఒక రోగి బ్రతికి ఉన్నప్పుడు కనబరచిన లక్షణాలను, మరణానంతరం అతని మెదడులో కనిపించిన మార్పులను పక్కపక్కన పెట్టి పోల్చడం వారి పద్ధతి. రోగిని చూడని శాస్త్రజ్ఞుడు, కణాన్ని చూడని వైద్యుడు సగం సత్యాన్నే ఎరుగుతారని ఆ మిత్రుల విశ్వాసం.

1894లో అల్జీమర్ సెసీలియా గైసెన్‌హైమర్ అనే సంపన్న వితంతువును వివాహమాడాడు. వారికి గెర్ట్రూడ్, హాన్స్, మరియా అనే ముగ్గురు సంతానం కలిగారు. ఆ సంసార సుఖం ఎంతో కాలం నిలువలేదు. 1901లో సెసీలియా మరణించింది. పసిపిల్లల పెంపకంలో సోదరి ఆయనకు అండగా నిలిచింది. భార్య వియోగ దుఃఖాన్ని దిగమింగుకొని అల్జీమర్ పనిలోనే ఊరట వెదుక్కొన్నాడు. ఆ ఏడాది చివరలో ఆయన ఎదుటికి వచ్చిన ఒక రోగి ఆయన జీవితాన్ని, వైద్యశాస్త్ర చరిత్రను మలుపు తిప్పింది.

ఆమె పేరు ఆగుస్టె డేటర్. వయసు 51 సంవత్సరాలు. భర్త కార్ల్ రైల్వే కార్యాలయంలో గుమాస్తా. అంతవరకు ఇల్లు చక్కదిద్దుకొంటూ కాలం గడిపిన ఆ ఇల్లాలి ప్రవర్తనలో కొన్ని నెలలుగా వింత మార్పులు పొడసూపాయి. మొదట భర్తపై కారణం లేని అనుమానం కలిగింది. ఆపై మరపు మొదలైంది. వంటలో తప్పులు చేయసాగింది. వస్తువులను దాచి, దాచిన చోటు మరచిపోయేది. ఇంటిలో గమ్యం లేకుండా అటూ ఇటూ తిరిగేది. ఎవరో తనను చంపజూస్తున్నారని భయపడేది. భరించలేని స్థితిలో భర్త 1901 నవంబరు 25వ తేదీన ఆమెను ఆస్పత్రిలో చేర్చాడు.

మరునాడు అల్జీమర్ ఆమె ఎదుట కూర్చొని పరీక్ష మొదలుపెట్టాడు. ఆ పరీక్షలో యంత్రమేదీ లేదు. సూటియైన చిన్న ప్రశ్నలు, వాటికి ఆమె ఇచ్చిన జవాబులు, వాటిని యథాతథంగా వ్రాసుకొనే ఓపిక మాత్రమే ఉన్నాయి. పేరు అడిగితే ఆమె తన పేరు చెప్పింది. భర్త పేరు అడిగితే మళ్ళీ తన పేరే చెప్పింది. పెన్సిలు, కలం, తాళంచెవి వంటి వస్తువులు చూపితే వాటి పేర్లు సరిగానే చెప్పింది. కొద్దిసేపటి తరువాత ఏయే వస్తువులు చూపారని అడిగితే ఒక్కటీ గుర్తులేదు. భోజన సమయంలో ఆమె తింటున్నది ఒకటి, పేరు చెప్పినది మరొకటి. పేరు వ్రాయమంటే మొదటి పదం వ్రాసి, తక్కినది ఏమి వ్రాయాలో మరచి ఆగిపోయింది.

ఆగుస్టె తన దురవస్థను పూర్తిగా ఎరుగనిది కాదు. తనను తాను పోగొట్టుకొన్నానన్న భావం ఆమె మాటలలో వ్యక్తమైంది. దానిని కూడా అల్జీమర్ శ్రద్ధగా నమోదు చేశాడు. ఇతరులకు అర్థరహితంగా తోచే ఆ తడబాటులో ఒక క్రమం ఉన్నదని ఆయన గ్రహించాడు. పాత సంగతులు కొన్ని నిలిచి ఉన్నాయి. క్రొత్తగా చూసినది మాత్రం నిలవడం లేదు. మాట, వ్రాత, కాలం, స్థలం ఒక్కొక్కటిగా జారిపోతున్నాయి. నేడు వైద్యులు మతిమరుపు రోగులకు మూడు వస్తువుల పేర్లు చెప్పి కొంతసేపటికి తిరిగి చెప్పమంటారు. తేదీ, స్థలం అడుగుతారు. ఒక వాక్యం వ్రాయమంటారు. ఆనాడు అల్జీమర్ అడిగిన ప్రశ్నలకూ వీటికీ పోలిక సుస్పష్టం.

ఆయనను వేధించిన ప్రశ్న ఒకటే. మరపు వృద్ధాప్య లక్షణమని అందరూ అనుకొంటున్నారు. కాని ఈమె వృద్ధురాలు కాదు. మరి ఈ మరపుకు మూలమేమిటి? నాడు మానసిక చికిత్సాలయాలలో కనిపించే మతిభ్రంశానికి సిఫిలిస్ వ్యాధి, మెదడు రక్తనాళాలు గట్టిపడటం ప్రధాన కారణాలుగా పరిగణింపబడేవి. ఆ రెండింటిపైనా అల్జీమర్ అప్పటికే విశేషంగా కృషి చేసి ఉన్నాడు. ఆగుస్టె వ్యాధి వాటిలో దేనికీ చక్కగా ఒదగలేదు. తెలియనిదానిని తెలిసిన పేరుతో కప్పిపుచ్చడం ఆయనకు ఇష్టం లేదు. అందువల్ల వేచి చూడదలచాడు.

ఇంతలో ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ విడిచిపెట్టవలసి వచ్చింది. నాటి మానసిక వైద్యులలో సుప్రసిద్ధుడైన ఎమిల్ క్రేపెలిన్ ఆహ్వానంపై హైడెల్‌బర్గ్‌కు, అటుపై 1903లో మ్యూనిక్ నగరానికి వెళ్ళాడు. మ్యూనిక్ మానసిక వైద్యశాలలో శరీర నిర్మాణ పరిశోధనశాలకు ఆయన అధిపతి. కొంతకాలం జీతం లేకుండానే పనిచేశాడు. భార్య విడిచిపోయిన ఆస్తి అందుకు వీలు కల్పించింది. ఆ పరిశోధనశాలకు దేశదేశాల నుండి యువ వైద్యులు తరలివచ్చారు. తరువాతి కాలంలో మెదడు వ్యాధులకు తమ పేర్లు ఇచ్చిన క్రాయిట్జ్‌ఫెల్ట్, యాకోబ్, లెవీ మొదలైనవారు ఆయన వద్ద పనిచేసినవారే. అమెరికా నుండి వచ్చిన నల్లజాతి వైద్యుడు సాలమన్ కార్టర్ ఫుల్లర్ కూడా వారిలో ఉన్నాడు. అల్జీమర్ ఒక్కొక్క విద్యార్థి పక్కన కూర్చొని సూక్ష్మదర్శినిలో చూడవలసినది చూపేవాడు. వివరణలో మునిగిపోయి చేతిలోని చుట్టను అక్కడే మరచిపోయేవాడని, సాయంత్రానికి ప్రతి విద్యార్థి బల్లపైనా ఒక చుట్ట ముక్క మిగిలేదని ఆయన శిష్యులు చెప్పుకొనేవారు.

ఊరు మారినా ఆయన ఆగుస్టెను మరువలేదు. ఆమె ఆరోగ్యం ఎట్లా ఉన్నదో ఫ్రాంక్‌ఫర్ట్ నుండి తెలుసుకొంటూనే ఉన్నాడు. ఆమె స్థితి నానాటికీ దిగజారింది. చివరి దశలో మంచం పట్టింది. మాట పోయింది. నాలుగున్నర సంవత్సరాల బాధ అనంతరం 1906 ఏప్రిల్ 8న ఆమె మరణించింది. అల్జీమర్ కోరికపై సియోలీ ఆమె మెదడును, ఆస్పత్రి పత్రాలను మ్యూనిక్‌కు పంపించాడు.

ఇటలీ దేశస్థుడైన గేటానో పెరుసీని మొదలైన సహచరులతో కలిసి అల్జీమర్ ఆ మెదడును పరీక్షించాడు. అది బాగా కుంచించుకుపోయి ఉంది. మాక్స్ బీల్షోస్కీ అనే శాస్త్రజ్ఞుడు కొద్ది సంవత్సరాల ముందు వెండి లవణాలతో నాడీతంతువులకు రంగు పట్టించే పద్ధతిని కనిపెట్టాడు. ఆ పద్ధతిలో సిద్ధపరచిన పలుచని పొరలను సూక్ష్మదర్శిని క్రింద ఉంచినప్పుడు రెండు వింతలు కనిపించాయి. మొదటిది, నాడీకణాల లోపల సన్నని తంతువులు పెనవేసుకొని చిక్కుపడిన దారపు ఉండల వలె ఉన్నాయి. కొన్నిచోట్ల కణం నశించి చిక్కుముడి మాత్రమే మిగిలింది. రెండవది, కణాల వెలుపల, మెదడు పై పొర అంతటా ఏదో పదార్థం పేరుకొని మచ్చల వలె ఏర్పడింది. వీటినే నేడు చిక్కుముడులు, ఫలకాలు అని వ్యవహరిస్తారు. ఆ దంపతుల ఇంట రేగిన కలతకు, ఆగుస్టె మాటల తడబాటుకు భౌతికమైన ఆనవాళ్ళు అక్కడ ఉన్నాయి. అది ఆమె మొండితనం కాదు, శాపం కాదు, నడవడిలోని దోషమూ కాదు.

1906 నవంబరు నెలలో ట్యూబింగెన్ పట్టణంలో మానసిక వైద్యుల సభ జరిగింది. అల్జీమర్ తన పరిశీలనలను ఆ సభలో వివరించాడు. చిత్రాలు చూపాడు. ఉపన్యాసం ముగిసినప్పుడు సభలో ఒక్క ప్రశ్నా రాలేదు. చర్చ లేకుండానే సభ తదుపరి అంశానికి సాగిపోయింది. మనసుకు సంబంధించిన వ్యాధికి మెదడు కణాలలో కారణం వెదకడం నాటి వైద్యులలో పలువురికి రుచించలేదు. అల్జీమర్ నిరుత్సాహపడి ఉండవచ్చు, కాని పని మానలేదు. మరుసటి సంవత్సరం ఆ ఉపన్యాస సారాంశాన్ని చిన్న వ్యాసంగా ప్రకటించాడు.

1910లో క్రేపెలిన్ తన మానసిక వైద్య గ్రంథపు ఎనిమిదవ కూర్పులో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు. తన పేరిట వ్యాధి వెలసినా అల్జీమర్ సందేహాన్ని విడిచిపెట్టలేదు. వార్ధక్యంలో వచ్చే మతిభ్రంశానికీ నడివయసులో వచ్చిన ఈ వ్యాధికీ నిజంగా భేదమున్నదా అని 1911లో ప్రకటించిన వ్యాసంలో విచారించాడు. రెండూ ఒకే వ్యాధికి భిన్న రూపాలు కావచ్చునన్న వైపుకే ఆయన మొగ్గాడు. ప్రేగ్ నగరంలో ఆస్కార్ ఫిషర్ అనే వైద్యుడు సరిగ్గా అదే కాలంలో, వృద్ధ రోగుల మెదళ్ళలో ఇటువంటి ఫలకాలనే గుర్తించి 1907లో ప్రకటించిన సంగతి కూడా ఇక్కడ స్మరింపదగినది. శాస్త్రంలో ఒక సత్యం పలువురి చూపుతోనే పూర్తి రూపం దాలుస్తుంది.

1912లో అల్జీమర్ బ్రెస్లౌ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవికి నియమితుడయ్యాడు. ఆ నగరం నేడు పోలండ్ దేశంలో వ్రాత్స్‌వాఫ్ అనే పేరుతో ఉంది. పదవీ స్వీకారానికై రైలులో వెళుతుండగా ఆయనకు తీవ్రమైన అస్వస్థత కలిగింది. ఆ జబ్బు గుండెను దెబ్బతీసింది. అటుపై ఆయన పూర్తిగా కోలుకోలేదు. అయినా బోధన, చికిత్స, ఆస్పత్రి నిర్వహణ యథాశక్తి కొనసాగించాడు. మొదటి ప్రపంచ యుద్ధం యూరప్‌ను దహిస్తున్న కాలంలో, 1915 డిసెంబరు 19న ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 51 సంవత్సరాలు. ఆగుస్టె ఆయన ఎదుటికి తొలిసారి వచ్చిన నాటి వయసూ అదే. ఫ్రాంక్‌ఫర్ట్ శ్మశానంలో భార్య సమాధి పక్కనే ఆయన దేహాన్ని ఖననం చేశారు.

అల్జీమర్ మరణించిన తరువాత ఆయన సందేహం చాలాకాలం మరుగునపడింది. ఆయన పేరిట వెలసిన వ్యాధి నడివయసులో వచ్చే అరుదైన జబ్బు అని వైద్యులు భావించారు. అరవై, డెబ్బై ఏళ్ళు దాటినవారి మతిమరుపును మాత్రం వయసు ఖాతాలోనే వ్రాశారు. ఆ విధంగా లక్షలాది వృద్ధుల బాధ వ్యాధిగా లెక్కకే రాలేదు. లెక్కకు రాని వ్యాధికి పరిశోధన ఉండదు, చికిత్స ఉండదు, రోగిని కనిపెట్టుకొని ఉన్న కుటుంబానికి సానుభూతి కూడా ఉండదు. 1968లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగర వైద్యులు బ్లెస్డ్, టామ్లిన్సన్, రాత్ ఈ అపోహను కదిలించారు. వృద్ధుల మెదళ్ళలో ఫలకాలు ఎక్కువైన కొద్దీ జీవితకాలంలో వారి మతి తగ్గుదల కూడా ఎక్కువగా ఉన్నదని వారు నిరూపించారు. 1976లో అమెరికా నాడీవైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ ఈ వ్యాధి అరుదైనది కాదని, వృద్ధుల మరణాలకు ముఖ్య కారణాలలో ఒకటని హెచ్చరించాడు. అల్జీమర్ 1911లో లేవనెత్తిన సందేహం అరవై ఐదేళ్ళకు సమాధానం పొందింది.

1995లో మరొక ఆశ్చర్యకరమైన సంఘటన జరిగింది. పోయిందనుకొన్న ఆగుస్టె రోగపత్రాలు ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రి భాండాగారంలో దొరికాయి. అల్జీమర్ స్వహస్తాలతో వ్రాసుకొన్న ప్రశ్నలు, జవాబులు, ఆమె ఛాయాచిత్రాలు, తడబడే ఆమె చేవ్రాత అందులో ఉన్నాయి. కొద్దికాలానికే ఆమె మెదడు పొరలు గల గాజు పలకలు మ్యూనిక్‌లో లభించాయి. నూతన శాస్త్రజ్ఞులు వాటిని తిరిగి పరీక్షించి, అల్జీమర్ వర్ణించిన ఫలకాలు, చిక్కుముడులు వాటిలో ఉన్నట్లు ధ్రువపరచారు. తొమ్మిది దశాబ్దాల తరువాత కూడా ఒక వైద్యుని వ్రాత ఇంత నమ్మకంగా నిలవడం ఆయన నిజాయితీకి తార్కాణం.

ఆయన చూసిన మచ్చలలో ఉన్న పదార్థం అమిలాయిడ్ బీటా అనే మాంసకృత్తు అని 1980లలో తేలింది. చిక్కుముడులలోనిది టావ్ అనే మరొక మాంసకృత్తు. అల్జీమర్ కాలంలో రోగి మరణించిన తరువాతనే వీటిని చూడగలిగేవారు. రోగి బ్రతికి ఉండగానే చూడటమెట్లా అన్నదే అటుపై శాస్త్రజ్ఞుల అన్వేషణ అయింది. వెన్నెముక నుండి తీసిన ద్రవంలో ఈ మాంసకృత్తులను కొలవడం నేర్చారు. 2004లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు ప్రత్యేక రసాయనం సహాయంతో పెట్ స్కాన్‌లో అమిలాయిడ్ ఫలకాలను కనిపించేటట్లు చేసిన ఫలితాలను ప్రకటించారు. 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వ్యాధి నిర్ధారణకు తోడ్పడే తొలి రక్తపరీక్షకు అనుమతినిచ్చింది. అది మరపు లక్షణాలు కనిపించిన 55 ఏళ్ళు దాటినవారికి ఉద్దేశించినది. వైద్యుని పరీక్షకు అది తోడే గాని ప్రత్యామ్నాయం కాదు.

వ్యాధిని ముందుగా ఊహించడం ఇంకా క్లిష్టమైన విషయం. మరపు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ళ ముందే మెదడులో అమిలాయిడ్ పేరుకోవడం ఆరంభం కావచ్చునని పరిశోధనలు తెలుపుతున్నాయి. కొన్ని జన్యువులు వ్యాధి వచ్చే అవకాశాన్ని పెంచుతాయి. అవకాశం ఉండటం వేరు, వ్యాధి రావడం వేరు. ఫలకాలు ఉండి కూడా కడవరకు మతి చెదరని వృద్ధులు ఉన్నారు. అంతేగాక ప్రతి మరపూ ఈ వ్యాధి కాదు. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావం కూడా మరపును కలిగిస్తాయి. వీటిలో చాలావరకు చికిత్సకు లొంగుతాయి. చాదస్తమని ఊరుకొన్న ఇంట ఆ చికిత్స అవకాశం కూడా చేజారుతుంది. రోగనిర్ధారణ విలువ ఇక్కడే తెలుస్తుంది.

అల్జీమర్ అడిగిన ప్రశ్నలు తెలుగునాట అడగవలసి వచ్చినప్పుడు క్రొత్త చిక్కు ఎదురైంది. పాశ్చాత్య దేశాల పరీక్షలు చదువుకొన్నవారిని దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. అక్షరం రాని రైతును వాక్యం వ్రాయమంటే, అతడు వ్రాయలేకపోవడం వ్యాధి లక్షణం కాదు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు ఇటువంటి పరీక్షలను తెలుగువారికి తగినట్లు మలచే కృషి చేశారు. భారతీయ వైద్య పరిశోధన మండలి కూడా తెలుగుతో సహా అయిదు భారతీయ భాషలలో ఇటువంటి పరీక్షలను సిద్ధం చేయించింది. రోగి మాటను రోగి భాషలో వినాలన్న నియమానికి ఇది కొనసాగింపు.

ఆ సంస్థలోనే జరిగిన మరొక పరిశోధన ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించగా, వారిలో 391 మంది రెండు లేదా అంతకు మించిన భాషలు మాట్లాడేవారని తేలింది. ఒకే భాష ఎరిగినవారి కంటె వీరిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా బయటపడ్డాయి. చదువు రానివారిలో సైతం ఈ భేదం కనిపించడం విశేషం. ఈ ఫలితాలు 2013లో ప్రకటితమయ్యాయి. భాషలు నేర్చినంత మాత్రాన వ్యాధి రాదని దీని అర్థం కాదు. అన్ని దేశాల పరిశోధనలూ ఒకే తీరు ఫలితాన్ని ఇవ్వలేదు కూడా. అయినా నిత్యజీవితంలో ఒక భాష నుండి మరొక భాషకు మారే అలవాటు మెదడుకు వ్యాయామం కావచ్చునన్న ఆలోచనకు హైదరాబాదు పరిశోధన బలం చేకూర్చింది. ఇంట తెలుగు, అంగడిలో ఉర్దూ, కర్మాగారంలో హిందీ, సరిహద్దు పల్లెలలో కన్నడం, మరాఠీ వినిపించే సంగారెడ్డి ప్రాంతపు ప్రజలకు ఈ విషయం ఆసక్తికరం.

భారతదేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో బాధపడుతున్నారని 2023లో ప్రకటితమైన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఈ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. తొలిదశలో దాని వేగాన్ని కొంత తగ్గించే మందులు ఇటీవల వచ్చాయి. రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, పొగతాగడం, ఒంటరితనం వంటివాటిని అదుపులో ఉంచుకొంటే ప్రమాదం తగ్గుతుందని వైద్యులు చెబుతున్నారు. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 21వ తేదీని ప్రపంచ అల్జీమర్స్ దినంగా పాటిస్తున్నారు.

అల్జీమర్ ఈ వ్యాధికి మందు కనిపెట్టలేదు. ఆగుస్టెను కాపాడలేకపోయాడు. కాని ఎవరూ పట్టించుకోని ఒక గుమాస్తా భార్య తడబాటు మాటలను విని, వ్రాసి, వాటికి కారణం వెదికాడు. అందువల్ల మరపు అవమానం కాదని, వ్యాధి అని లోకానికి తెలిసింది. పరికరాలు ఎంత సూక్ష్మమైనవైనా, రోగి ఎదుట కూర్చొని ఓపికగా ప్రశ్న అడిగే మనిషి లేనిదే అవి పనిచేయవు. ఆ మనిషి వైద్యుడే కానక్కరలేదు. ఇంటిలో పెద్దల మాట తడబడటాన్ని మొదట గమనించేవారు ఎక్కువగా మనుమలు, మనుమరాళ్ళే. వారు నవ్వి ఊరుకోక వైద్యుని వద్దకు తోడ్కొనిపోతే, అల్జీమర్ మొదలుపెట్టిన పనిలో వారికీ పాలు ఉన్నట్లే.